దీపం నిలవని పాతర

మధ్యాహ్నం అన్నాల వేళ. వంటింట్లో పిల్లలిద్దరినీ కూచోబెట్టి వడ్డిస్తున్నాను. రెండున్నరేళ్ళ మా శీను మారు పెట్టింది కూడా ఊడ్చేసి, ఖాళీ కంచం రెండు చేతులా ఎత్తి పట్టుకుని "ఇంకా" అన్నాడు. గరిటె పట్టుకుని నేను వాడి ముందే ఉన్నాను. వాడు నావైపు చూడలేదు. కంచాన్ని నా పక్కనుంచి, నా వెనక ఉన్న చీకటి గదివైపు చాచాడు.

వాడు అడిగింది నన్ను కాదు.

ఒళ్ళు జలదరించింది అంటారే, అలాంటిదేమీ కాదు. కోపం వచ్చింది. నా పిల్లాడు అన్నం కోసం నన్ను దాటి ఇంకెవరివైపో చెయ్యి చాచాడనే కోపం. వెనక్కి తిరిగి చూశాను. గదిలో ఎవరూ లేరు. కొత్తగా పరిచిన షాబాదు బండలు నల్లగా మెరుస్తున్నాయి. అంతే.

నేను బి.యస్సీ. చదివాను. దయ్యం పట్టిందంటూ మా ఊళ్ళో వేపమండలతో కొట్టే వాళ్ళను చూసి నవ్విన దాన్ని. దిష్టి తీస్తానని మా అత్తగారు ఉప్పూ మిరపకాయలూ తెస్తే, కూరలో వేసుకోవచ్చు కదా అని ఎదురు చెప్పిన దాన్ని. ఇప్పుడైనా దయ్యాలు ఉన్నాయని రాయడానికి కూచోలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. పిల్లలు నిద్రపోయాక తప్ప నాకు తీరిక దొరకదు, కాబట్టి వరస ఎక్కడైనా తప్పితే సర్దుకోండి. పాత ఇల్లు కొని బాగుచేయించి అద్దెకిద్దామనుకునే వాళ్ళు మీలో ఉంటే, వాళ్ళు మాత్రం ఒక్క ముక్కా వదలకుండా చదవండి.

మాది కృష్ణా జిల్లా. తుంగభద్ర కాలువ కింద భూములు చవగ్గా దొరుకుతున్నాయని మా మామగారు ఉన్నదమ్మి, మమ్మల్నందరినీ తీసుకుని రాయచూరు జిల్లాకు వచ్చేశారు. మాలాంటి వాళ్ళు గుడిసెలు వేసుకున్న చోటును ఇక్కడ క్యాంపు అంటారు, మమ్మల్ని క్యాంపోళ్ళు అంటారు. ఆ మాట అనేటప్పుడు పెదవి ఒక పక్కకు పోతుంది. మేమూ తక్కువ తినలేదు. వీళ్ళకు నాట్లు తెలియవు, నీళ్ళ విలువ తెలియదు, రాళ్ళ ఇళ్ళలో కిటికీలు లేకుండా బతుకుతారు అని మాలో మేం చెప్పుకునేవాళ్ళం.

రెండు పంటలు బాగా పండాయి. మా క్యాంపుకు దగ్గరి ఊరు కవితాళలో అప్పుడప్పుడే సర్కారు ఉద్యోగులు దిగుతున్నారు. కాలువ పనుల వాళ్ళు, బడిపంతుళ్ళు, ఎరువుల కొట్ల వాళ్ళు. ఎవరికీ ఇళ్ళు దొరకడం లేదు. అక్కడ ఒక పాత ఇల్లు కొని, స్నానాల గదీ అదీ పెట్టించి అద్దెకిస్తే, పంట పోయిన ఏడు కూడా మనకు తిండి ఉంటుందని మా వారి ఆలోచన. ఆలోచన తప్పు కాదు. కొన్న పద్ధతి తప్పు.

అందరూ ముందు కప్పు చూస్తారు. మేమూ అదే చేశాం. దూలాలకు చెద ఉందా, మట్టి మిద్దె ఎక్కడైనా కుంగిందా అని తల పైకెత్తుకుని ఇల్లంతా తిరిగాం. నేల ఎవరమూ చూడలేదు. మట్టి మిద్దె ఇల్లు ఎండాకాలంలో కొనకూడదు, వానలో కొనాలి, ఎక్కడ కారుతుందో కళ్ళారా చూడాలి. మేం ఎండాకాలంలో కొన్నాం. పక్కింటి వాళ్ళతో బేరానికి ముందే మాట్లాడాలి. మీరు కొనేశాక వాళ్ళు నిజం చెప్పరు, తమాషా చూస్తారు. అన్నిటికన్నా ముఖ్యంగా, అమ్మేవాడు ఏ గుమ్మం దగ్గర ఆగిపోతాడో చూడండి.

మాకు అమ్మినవాడు రాయచూరు గంజిలో, అంటే ధాన్యం మార్కెట్టులో, దలాలీ చేస్తాడు. వాళ్ళ తాతల నాటి ఇల్లు. అన్ని గదులూ ముందుండి చూపించాడు. వంటింటి వెనక ఉన్న చీకటి గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆగి, జేబులో చుట్ట వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"అండ్ల ఏం లేదమ్మా. ఉత్త గోదాము. పోయి సూడుండ్రి" అన్నాడు.

"మీరూ రండి" అన్నాను.

"నాకేంది సూసేది? పుట్టిందే ఈ ఇంట్ల" అని బయటికి నడిచాడు. చదువుకున్నదాన్ని, అప్పుడే పట్టుకోవలసింది.

ఇంకో మాట. మరమ్మతు జరిగే ఇంట్లో పిల్లలతో కాపురం పెట్టకండి. క్యాంపు నుంచి రోజూ వచ్చిపోవడం కష్టమని, పనివాళ్ళ మీద ఒక కన్నుండాలని, మా వారు మమ్మల్ని ఆ ఇంట్లోనే దించారు. ఆయన పొలం పని చూసుకుని రెండు మూడు రోజులకోసారి వచ్చేవారు. పగలంతా నేను, ఆరేళ్ళ లలిత, శీను, మా వైపు నుంచే వచ్చిన తాపీమేస్త్రి వెంకన్న, ఇద్దరు కూలీలు.

ఉద్యోగస్తులు రంగులు చూసి ఇల్లు తీసుకోరు. నీళ్ళు, వెలుతురు, లోపలే స్నానాల గది, ఈ మూడే అడుగుతారు. స్నానాల గది కట్టడం సులువే. ఆ నీళ్ళు ఎక్కడికి పోవాలన్నదే తలనొప్పి. మా తూము వీధివైపు పెడితే ఆ నీళ్ళు సరిగ్గా పక్కింటి మల్లమ్మ గడప ముందు మడుగు కడతాయి. మల్లమ్మ అరవై దాటిన మనిషి. మా మీద కన్నేసి, తన అరుగు మీద కూచుని పొద్దస్తమానం పత్తి వత్తులు చేస్తుండేది. తూము కోసం వెంకన్న గునపం వెయ్యగానే లేచి వచ్చి ఆ గుంటలో నిలబడింది.

"ఇగ తవ్వు. నా కాళ్ళ మీద తవ్వు" అంది.

పెరట్లో గుంట తీద్దామంటే నల్లరేగడి. నీళ్ళు పీల్చదు, వాన వస్తే పొంగుతుంది. ఏం చెయ్యాలో తోచక పని రెండ్రోజులు ఆగిపోయింది. ఈలోగా చీకటి గదిలో బండలు పరుద్దామని పాత మట్టి నేల తవ్వుతుంటే గునపం కింద బోలుగా మోగింది. మట్టి తీస్తే గుండ్రటి రాతి మూత. మూత తీస్తే పాతర.

మా వైపు ధాన్యం పురుల్లో, గాదెల్లో ఉంటుంది. ఇక్కడి వాళ్ళు జొన్నలు ఇంట్లోనే భూమిలో పాతర తవ్వి పోసుకుంటారని విన్నాను కానీ చూడలేదు. మెడ సన్నగా, లోపల వెడల్పుగా, పెద్ద కూజాను నేలలో పాతినట్టుంది. నిలువున ఇద్దరు మనుషులంత లోతు. మూత తీసి రెండ్రోజులు గాలికి వదిలేశాక వెంకన్న తాడు పట్టుకుని దిగి, బూడిదా పాత గడ్డీ ఊడ్చి పైకి పంపాడు. ఒక్క గింజ లేదని చెప్పాడు.

అప్పుడు తట్టింది మా వారికి. ఇంత గుంట తయారుగా ఉంటే ఇంకో గుంట ఎందుకు? స్నానాల నీళ్ళు దీంట్లోకే పెట్టేద్దాం. నేనూ సరే అన్నాను. ఎంత తెలివైన పని అనుకున్నాం! వెంకన్న స్నానాల గది నుంచి మట్టి గొట్టం వేసి పాతర మెడ కిందికి కలిపాడు. రాతి మూత మళ్ళీ పెట్టి, చుట్టూ సిమెంటు పూశాడు. సిమెంటు పర్మిట్టు మీద దొరికే రోజులు, అయినా ఆ మూతకు మాత్రం పిసినారితనం చెయ్యలేదు. కంపు పైకి రాకూడదని.

ఈ సంగతి కూలీల ద్వారా మల్లమ్మకు తెలిసింది. ఈసారి నేరుగా లోపలికి వచ్చేసింది.

"ఏందమ్మా క్యాంపుదానా, జొన్నలు పోసే పాతరల తానం నీళ్ళు ఇడిసినవంట?"

"మీరు వీధిలోకి వదలనివ్వలేదు కదండీ" అన్నాను.

"అది ఇంటి కడుపమ్మా. కరువుల ఈ వాడకట్టంత గా పాతర జొన్నలు తినే బతికింది. కడుపుల మురికి పోస్తె ఇల్లు ఊకుంటదా?"

"అద్దెకొచ్చే వాళ్ళను చెంబు పట్టుకుని మీ పెరట్లోకి పంపమంటారా మామ్మగారూ?"

మల్లమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసి నవ్వింది. "నోరు బాగనే ఉంది నీకు. పాతరకు గూడ నోరుంటది. సూస్తవులే" అని వెళ్ళిపోయింది.

వెంకన్న బండలు పరిచాడు. మూత ఉన్న చోట మాత్రం ఎప్పుడైనా తీయడానికి వీలుగా బండ వెయ్యకుండా వదిలాడు.

మొదట గమనించింది చప్పుడు. చప్పుడు లేకపోవడం అనాలి. స్నానాల గదిలో బిందెడు నీళ్ళు ఒంపితే గొట్టంలో గలగలా పోతాయి, ఆ తర్వాత కింద పడిన చప్పుడు రావాలి. రాలేదు. గొట్టం దగ్గర చెవి పెట్టి విన్నాను. నీళ్ళు వెళ్తాయి, పడవు. మెత్తటి నేల మీద పడుతున్నాయేమో అనుకున్నాను.

తర్వాత శీను. వీడు తిండికి ఏడిపించే పిల్లాడు. కాకిని చూపించి, కుక్కను చూపించి, ముద్ద నోట్లో పెట్టేసరికి నాకు నడుం పడిపోయేది. అలాంటివాడు తనంతట తాను కంచం తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. సంతోషించాను. నీళ్ళు మారాయి, ఆకలి పుట్టింది అనుకున్నాను. నాలుగైదు రోజుల్లో వాడు నాతో సమానంగా తినసాగాడు. తిన్న వెంటనే "ఇంకా" అని ఏడుపు. ఇంత తింటున్నా బిగువుగా ఉండే వెండి మురుగులు మణికట్టు దాటి వాటంతటవే జారిపోయాయి. మెడ దగ్గర ఎముకలు తేలాయి. ఊళ్ళో ఉన్న డాక్టరు నులిపురుగులని మందిచ్చాడు. ఒక్క పురుగు పడలేదు.

మొదట్లో రాసిన ఆ మధ్యాహ్నం అప్పటిదే. వాడు కంచం చాచిన గది పాతర గదే.

ఆ సాయంత్రం మా వారు వస్తే చెప్పాను. మనం క్యాంపుకు వెళ్ళిపోదాం, పని వెంకన్న చూసుకుంటాడు అన్నాను. ఆయన బూట్లు విప్పుతూ, "కాలువ ఓవర్సీరు రేపు ఇల్లు చూడ్డానికి వస్తున్నాడు. నీ మొహం ఇలా పెట్టుకుని ఎదురెళ్ళకు" అన్నారు. ఇంకా గట్టిగా చెప్పబోతే, "చదువుకున్న దానివి, మా అమ్మ నయం" అన్నారు. ఆ మాట తగిలింది. ఊరుకున్నాను.

ఓవర్సీరు కుటుంబం మర్నాడు వచ్చింది. మైసూరు వైపు వాళ్ళు. ఆమె చంకలో పాలు తాగే పసిబిడ్డ. ఇల్లు నచ్చింది, స్నానాల గది మరీ నచ్చింది. పాతర గది గుమ్మంలో నిలబడి, కన్నడంలో, "జొన్నరొట్టె కాలుస్తున్నారా? వాసన బావుంది" అంది. మా ఇంట్లో జొన్నపిండి ఏనాడూ లేదు. మల్లమ్మ ఇంటి నుంచి అయి ఉంటుందని చెప్పాను. వాళ్ళు వెళ్ళాక బయటికి వెళ్ళి చూస్తే మల్లమ్మ ఇంటికి తాళం ఉంది. మస్కి సంతకు పోయిందట.

వచ్చే గురువారం సామాను దించుతామని చెప్పి వెళ్ళారు వాళ్ళు. ఆ పసిబిడ్డను చూసినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. నా పిల్లల్ని తీసుకుని ఎటూ వెళ్ళిపోతాను. తర్వాత ఆ బిడ్డ సంగతి?

మంగళవారం. మా వారు వెంకన్నను తీసుకుని బజారుకు సున్నం కోసం వెళ్ళారు. కూలీలు ఆ రోజు రాలేదు. వీధి తలుపు గడియ నేనే వేశాను. పెరటి తలుపుకు గడియ బిగుసుకుపోతుందని అప్పటికే లోపలి నుంచి తాళం వేసి ఉంది. భోజనాలయ్యాయి. శీనును పక్కలో వేసుకుని పడుకున్నాను. లలిత గుమ్మం దగ్గర గచ్చకాయలు ఆడుకుంటోంది. కన్ను మూతపడిన మాట నిజం. లేచేసరికి లలిత అక్కడే ఉంది, ఆట అక్కడే ఉంది. శీను లేడు.

"తమ్ముడేడే?"

"నీ పక్కనే కదా పడుకున్నాడు" అంది అది. దాన్ని దాటకుండా గదిలోంచి బయటికి పోవడానికి దారి లేదు. తనను దాటి ఎవరూ వెళ్ళలేదని ఇప్పటికీ అంటుంది.

ఇల్లంతా వెతికాను. గడియలు వేసినట్టే ఉన్నాయి. స్నానాల గదిలో గంగాళం తిరగేశాను. బియ్యం డబ్బా మూత తీసి చూశాను, పిల్లాడు పట్టడని తెలిసీ. అప్పుడు వినబడింది.

"ఇంకా."

ఏడుపు కాదు. అన్నం దగ్గర అడిగినట్టే. పాతర గదిలో, బండల కింది నుంచి.

నేను ఎలా అరిచానో నాకు తెలియదు కానీ, వీధి తలుపు మీద దబదబా గుద్దింది మల్లమ్మ. లలిత గడియ తీసింది. మల్లమ్మ వచ్చేసరికి నేను ఆ రాతి మూతను గోళ్ళతో పెరుకుతున్నాను. కదల్లేదు. మూత చుట్టూ సిమెంటు పూసింది పూసినట్టే ఉంది, ఎక్కడా నెర్రె కూడా లేదు. మల్లమ్మ కింది గొంతు విని, వీధిలోకి పరిగెత్తి మనుషుల్ని కేకేసింది. అంతలోనే మా వారూ వెంకన్నా వచ్చారు.

వెంకన్న మొదట మూత చుట్టూ చేత్తో తడిమాడు. "నేను పూసింది పూసినట్టుందమ్మా. పిల్లోడు దీంట్లో ఎట్టా ఉంటాడు?" అన్నాడు. కింది నుంచి శీను మళ్ళీ పిలిచాడు. వెంకన్న గునపం అందుకుని, ముక్కలు లోపల పడకుండా పైకి లాగుతూ మూతను పగలగొట్టాడు.

మూత పగలగానే మా వారు దిగబోయారు. నేను చొక్కా పట్టుకుని ఆపాను.

ఇన్నాళ్ళుగా మూసి ఉన్న గుంటలో చెడు గాలి నిండుతుందని, దీపం ఆరిపోయే చోట మనిషి బతకడని నేను కాలేజీలో చదువుకున్నాను. ఆ చదువే ఆ రోజు నాకు గొంతు మీది కత్తి అయింది. లాంతరు వెలిగించి తాడుకు కట్టి దించమన్నాను. వెంకన్న దించాడు. మెడ దాటి నిలువెడు లోతుకు పోగానే దీపం ఆరిపోయింది. లాగి, వెలిగించి, మళ్ళీ దించాడు. మళ్ళీ అక్కడే ఆరిపోయింది.

లాంతరు ఆరిన చోటుకు ఇంకా కిందనుంచి నా కొడుకు గొంతు వస్తోంది.

"వదులు" అన్నారు మా వారు. వదల్లేదు. పిల్లాడి కోసం దిగుతానన్న తండ్రిని నేను ఆపాను. నన్ను కొట్టారు. అయినా వదల్లేదు. చివరికి వెంకన్న మూతికి తడిగుడ్డ కట్టుకుని, నడుముకు తాడు బిగించుకుని దిగాడు. సగం దూరం పోగానే కాళ్ళు కొట్టుకోవడం కనబడింది. నలుగురు కలిసి లాగి పైన పడేస్తే, చాలాసేపు వాంతులు చేసుకున్నాడు.

అద్దం తెచ్చి, వంటింటి మిద్దె కంతలోంచి పడే ఎండను లోపలికి కొట్టాను. శీను అడుగున బాసింపట్టు వేసుకుని కూచున్నాడు. ఒళ్ళు పొడిగా ఉంది. నేల పొడిగా ఉంది. అన్ని రోజులు నలుగురి స్నానాల నీళ్ళు ఒంపిన గుంటలో చెమ్మ లేదు, కంపు లేదు.

తాడుకు గంప కట్టి వాడి పక్కకు దించాం. "శీనూ, గంపలో కూచో నాన్నా. పైకి రా, అన్నం పెడతాను" అన్నాను.

తల ఎత్తి చూశాడు. "వద్దు" అన్నాడు. "బొజ్జ నిండింది."

ఇన్ని రోజుల్లో వాడు వద్దనడం అదే మొదలు. నేను బతిమాలాను, బెదిరించాను, వాళ్ళ నాన్న ఏడ్చారు. వాడు కదల్లేదు. ఎవరో పక్కన కూచుంటే ఒదిగి కూచున్నట్టు, ఒక పక్కకు వాలి ఉన్నాడు. అటువైపు ఎండ కొట్టి చూశాను. ఏమీ లేదు.

లలిత వచ్చి నా పక్కన బోర్లా పడుకుని లోపలికి తొంగి చూసింది. రోజూ పోట్లాడుకునే గొంతుతోనే, "ఒరేయ్, మేం క్యాంపుకెళ్ళిపోతున్నాం. బస్సొచ్చింది. నువ్వుంటే ఉండు. కిటికీ పక్కన నేనే కూచుంటా" అంది.

"నేనూ!" అని ఒక్క ఏడుపు అందుకుని, వాడు గంపలోకి దూకాడు.

పైకి వచ్చాక ఒళ్ళంతా తడిమి చూశాను. దెబ్బ లేదు, గీత లేదు. కాళ్ళకు బూడిద అంటింది. బుగ్గలో ఏదో నములుతున్నాడు. వేలు పెట్టి తీస్తే జొన్నలు. గుప్పిట విప్పితే జొన్నలు. తెల్లగా, నిగనిగలాడుతూ, పాలు ఇంకా ఎండని వాసన. మల్లమ్మ రెండు గింజలు తీసుకుని పంటి కింద వేసుకుంది.

"కొత్త జొన్న" అంది. "శ్రావణంల కొత్త జొన్న ఏడికెల్లొస్తది? సేన్ల ఇంక మోకాలెత్తు గూడ లేదు."

నోరు అంత పెద్దదైన మల్లమ్మ, నోట్లో గింజలు చీరకొంగులో ఉమ్మి, మూటకట్టుకుని, ఎవరివైపూ చూడకుండా వెళ్ళి తలుపు వేసుకుంది. మేం బయల్దేరేదాకా మళ్ళీ తియ్యలేదు.

మేం ఒక్క గంట కూడా ఆగలేదు. పిల్లల బట్టలు మూటకట్టి, బస్టాండు దగ్గర ఎరువుల కొట్టు పెట్టుకున్న మా గుడివాడ వాళ్ళింటికి వెళ్ళిపోయాం. దారిలో ఓవర్సీరు వాళ్ళు అప్పటికి తలదాచుకున్న ఇంటి ముందు ఆగాను. మా వారు వద్దని చెయ్యి పట్టి లాగారు. విదిలించుకుని లోపలికి వెళ్ళి, ఆమెతో ఇల్లు ఇవ్వడం లేదని చెప్పాను. ఎందుకని అడిగింది. పసిబిడ్డ ఒళ్ళో నిద్రపోతోంది. అసలు సంగతి చెప్పలేకపోయాను. ఎక్కువ ఇచ్చేవాళ్ళు దొరికారన్నాను. ఆమె నన్ను తిట్టిన తిట్లు నాకు వచ్చిన కన్నడంతో సగమే అర్థమయ్యాయి. మిగతా సగం కూడా సబబే అయి ఉంటుంది.

తర్వాత వెంకన్న పాతరను వారం పాటు తెరిచి ఉంచి, దీపం నిలిచాక దిగి చూశాడు. గోడలంతా సుత్తితో కొట్టి చూశాడు. పక్కకు సొరంగం లేదు. పక్కింటి పాతరతో కలిసింది లేదు. మట్టి గొట్టంలో లలిత చెయ్యి మాత్రమే దూరుతుంది. గింజ కనబడలేదు. గొట్టంలో నీళ్ళు పోస్తే ఈసారి కింద తపతపా పడ్డాయట.

ఆ ఇల్లు ఇప్పుడు తాళం వేసి ఉంది. గోడల సున్నం పెచ్చులూడుతోంది. గోదాముకైనా ఇద్దామంటారు మా వారు. ఇద్దరికీ ఆ మాట మీదే పోట్లాట. గోదాములో కాపలా మనిషి ఉంటాడు, వాడికీ పిల్లలుంటారు అంటాను నేను. శీను మళ్ళీ తిండికి ఏడిపిస్తున్నాడు. ఒళ్ళు చేశాడు. ఏమీ గుర్తులేనట్టే ఉంటాడు.

నేను ఆలోచించనిది లేదు. వెంకన్నే మూత తీసి మళ్ళీ పూశాడా? అతను బజారులో మా వారి పక్కనే ఉన్నాడు. తడి సిమెంటు అంతలో ఆరదు. మల్లమ్మ మా మీద కక్షతో చేసిందా? లోపలి గడియ ఎలా తీస్తుంది, ఆ రాతి మూత ఒక్కతే ఎలా లేపుతుంది? గాలి మెడ దగ్గర చెడి, అడుగున బాగుందా? చెడు గాలి బరువు, అది అడుగుకే చేరుతుంది. నేను చదివిన చదువు ప్రకారం నా కొడుకు ఆ రోజు చనిపోవాలి. బతికాడు కాబట్టి చదువు తప్పనలేను. చదువు తప్పు కాదు కాబట్టి జరిగింది అబద్ధమనలేను. నాకు తెలియదు. మేం చేసిన పనికి ఆ ఇల్లు కోపగించిందో, ఆకలితో ఉన్న పిల్లాడికి తన పద్ధతిలో పెట్టిందో, అదీ తెలియదు. కోపమనే అనుకుంటున్నాను. ప్రేమతో పెట్టేవాళ్ళు పిల్లల్ని తల్లి పక్కలోంచి తీసుకుపోరు.

శీనును పైకి తీసిన మర్నాడు పొద్దున క్యాంపు బస్సు కోసం కూచున్నాం. శీను నా ఒళ్ళో మరమరాలు నేలపాలు చేస్తున్నాడు. లలిత ఉన్నట్టుండి, "అమ్మా, మూత మూసే ఉంది కదా. మేస్త్రి గునపంతో పగలగొట్టాడు కదా. మరి వీడు లోపలికెలా వెళ్ళాడు?" అంది.

ఆరేళ్ళ పిల్ల. ఇంకా ఎన్నో ఇళ్ళలో ఉండాలి, ఎన్నో గదుల్లో ఒంటరిగా పడుకోవాలి.

"మూసి లేదమ్మా" అన్నాను. "పొద్దున నేనే తీయించాను. మేస్త్రి సగం మూసి వెళ్ళాడు. నేను చూసుకోలేదు. వీడు పడ్డాక బండ జరిగి మూతపడింది. అంతే. తప్పు నాదే."

అది నా మొహంలోకి చూస్తూనే ఉంది. అప్పుడు ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి, ఇంకెప్పుడూ అలా తెరిచి వదిలెయ్యనని ఒట్టు వేశాను.